శీలావతి ఎదగడం లేదు: తప్పు సీడ్‌దా, చెరువుదా?

కైకలూరు వైపు ఇరవై ఎకరాల్లో శీలావతి (రోహు), బొచ్చె (కట్ల) పెంచుతున్న ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. ఆరేళ్లుగా ఆయన ఒకే హ్యాచరీ (చేపపిల్లను పుట్టించే కేంద్రం) నుంచి పిల్ల (సీడ్) తెస్తున్నారు. మొదట్లో శీలావతి పది నెలలకే కిలో దాటేది, ఇప్పుడు పద్నాలుగు నెలలైనా అందుకోవడం లేదు. హ్యాచరీ వాళ్లు మేత బాగాలేదంటున్నారు, మేత అమ్మేవాళ్లు సీడ్ బాగాలేదంటున్నారు. సీడ్ వంశమే చెడిపోయిందా? జయంతి రోహుకి (బాగా ఎదిగేలా ఏరి తయారుచేసిన శీలావతి రకం) మారితే ఫలితం ఉంటుందా? లేక తన చెరువులో నాలుగు కిలోలకు ఎదిగిన చేపల్నే బ్రూడర్లుగా (పిల్ల తీయడానికి ఉంచే తల్లిదండ్రి చేపలుగా) ఆపుకుని పిల్ల తీయించుకోవచ్చా?

సమాధానం: మీ సీడ్ వంశం కొంత దెబ్బతిని ఉండొచ్చు. కానీ ఆరేళ్లలో పది నెలల పంట పద్నాలుగు నెలలు దాటిందంటే అది ఒక్క వంశం వల్ల అయ్యే పని కాదు. శీలావతి గుడ్డుకి రావడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. అంటే ఆరేళ్లలో మహా అయితే మూడు తరాలు. బ్రూడర్లను ఎంత అశ్రద్ధగా చూసినా మూడు తరాల్లో ఇంత తేడా రావడం కష్టం. హ్యాచరీ వాళ్లు ఇరవై ఏళ్లుగా బయటి రక్తం కలపకుండా నడుపుతుంటే నష్టం ఉంటుంది, నిజమే. అయితే ఆ నష్టం మీరు మొదటిసారి పిల్ల తెచ్చిన రోజు నుంచే ఉండాలి. ఈమధ్య కొత్తగా పడిపోయిందంటే వంశంతో పాటు ఇంకేదో కలిసింది. ఆ రెండిటినీ విడదీసి చూడకుండా సీడ్ మారిస్తే డబ్బు పోతుంది, అనుమానం మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఎలా విడదీయాలో చెప్తాను. దానికి ముందు హ్యాచరీలో వంశం ఎలా పాడవుతుందో తెలియాలి, ఎందుకంటే మీరు అక్కడికి వెళ్లి అడగాల్సిన ప్రశ్నలన్నీ అందులోంచే వస్తాయి.

1957కి ముందు మన దేశంలో ఈ చేపల పిల్ల దాదాపు అంతా నదుల నుంచే వచ్చేది. శీలావతి, బొచ్చె, మోసు (మృగాల) చెరువులో ముదిరి గుడ్డు కడతాయి కానీ నిలవ నీళ్లలో ఆ గుడ్డు వదలవు. వరద రావాలి, నీరు పారాలి. అప్పుడే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి గుడ్డు విడుదల చేయించే హార్మోను తగినంత వస్తుంది. అందుకే వరదకాలంలో నదుల్లో సన్నవలలు పెట్టి స్పాన్ (అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల) పట్టి అమ్మేవాళ్లు. అందులో పనికిరాని జాతుల పిల్ల కూడా కలిసేది. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి బృందం పిట్యూటరీ రసం ఇంజెక్షన్ ఇచ్చి ఈ కార్ప్ చేపల చేత చెరువులోనే గుడ్డు పెట్టించింది. ఏటా జులై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుకునేది అందుకే. తర్వాత చైనా తరహా గుండ్రటి హ్యాచరీలు వచ్చాయి. ఆ తర్వాత ఓవాప్రిమ్ లాంటి రెడీమేడ్ మందులు వచ్చాయి. వాటిలో రెండు పనులు చేసే మందులు కలిపి ఉంటాయి. ఒకటి పిట్యూటరీని హార్మోను వదలమని ప్రేరేపిస్తుంది. రెండోది డాంపెరిడోన్, ఆ విడుదలను అడ్డుకునే డోపమిన్‌ను పక్కకు తప్పిస్తుంది. ఆడ శీలావతికి కిలోకి 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు, మగదానికి 0.1 నుంచి 0.2 ఇస్తారు. సాయంత్రం ఇంజెక్షన్ చేస్తే తెల్లవారేసరికి గుడ్డు పడుతుంది.

ఈ విజయం లేకపోతే కొల్లేరు చుట్టూ ఇన్ని చెరువులు లేవు. కానీ దాని వెనకాలే ఒక మార్పు వచ్చింది, దాన్ని మనం పట్టించుకోలేదు. నదిలో పట్టిన స్పాన్‌కి తల్లిదండ్రులు వేలల్లో ఉండేవి. హ్యాచరీ స్పాన్‌కి పదుల్లో ఉంటాయి.

కారణం ఈ చేప సంతాన శక్తే. ఆడ శీలావతి కిలో బరువుకి రెండు మూడు లక్షల గుడ్లు పెడుతుంది. ఫలదీకరణలో, పొదిగేటప్పుడు పోయేవి పోగా కిలోకి లక్ష స్పాన్ మిగిలిందనుకుందాం. కోటి స్పాన్ ఆర్డర్ వస్తే రెండేసి కిలోల ఆడచేపలు యాభై ఉంటే చాలు. ఇంత తక్కువ చేపలతో ఇంత పిల్ల వస్తుంటే ఐదొందల బ్రూడర్లను మేపడం ఎందుకని హ్యాచరీ యజమాని అనుకోవడం సహజం. వ్యాపారం లెక్కలో అది సరైనదే, వంశం లెక్కలో చాలా ప్రమాదం.

ఆ ప్రమాదం ఎంతో చూడండి. ఆడవాటి సంఖ్యని మగవాటి సంఖ్యతో గుణించి, నాలుగుతో హెచ్చించి, మొత్తం చేపల సంఖ్యతో భాగిస్తే వచ్చేది అసలైన తల్లిదండ్రుల సంఖ్య. యాభై ఆడవి, ఐదు మగవి వాడితే మందలో యాభై ఐదు చేపలు కనిపిస్తాయి, లెక్కలో మాత్రం పద్దెనిమిదే. ఒకటిని ఆ సంఖ్యకి రెట్టింపుతో భాగిస్తే తరానికి పెరిగే దగ్గర రక్తం (రక్తసంబంధం ఉన్న చేపలు కలవడం) శాతం తెలుస్తుంది. ఇక్కడ అది 2.7 పైచిలుకు. ఆరు తరాలు ఇలాగే నడిస్తే 15 శాతం చేరుతుంది. అదే యాభై ఆడవి, యాభై మగవి వాడితే తరానికి అర శాతమే. ఆడచేప ఎక్కువ గుడ్లు పెడుతుంది కదా అని మగవాటిని తగ్గించుకుంటే ఎంత నష్టమో ఈ లెక్కే చెప్తుంది. పైగా ఇది కాగితం మీది లెక్క. బ్రీడింగ్ పూల్‌లో అన్నిటినీ కలిపి వదిలినప్పుడు చురుకైన నాలుగైదు మగచేపలే ఎక్కువ గుడ్లను ఫలదీకరణ చేస్తాయి, కాబట్టి అసలు సంఖ్య ఇంకా తగ్గుతుంది.

ఇది ఊహ కాదు. కర్ణాటక హ్యాచరీల్లో ఏక్‌నాథ్, డాయిల్ అనే శాస్త్రవేత్తలు ఇదే లెక్క కట్టి 1990లో ప్రచురించారు. ఏటా దగ్గర రక్తం 2 నుంచి 17 శాతం దాకా పెరుగుతున్నట్టు తేలింది. దాని ఫలితం ఎలా ఉంటుందో అమెరికాలో రెయిన్‌బో ట్రౌట్ మీద చూశారు. అన్నాచెల్లెళ్లను ఒక్క తరం కలిపితే పుట్టిన చేపలు ఏడాది వయసుకి మామూలు వాటికన్నా దాదాపు 23 శాతం తక్కువ తూగాయి. వంకర పిల్లలు పెరిగాయి, బతికేవి తగ్గాయి. శీలావతికి అచ్చంగా అదే అంకె వర్తిస్తుందని చెప్పను. దెబ్బ తగిలే చోట్లు మాత్రం అవే: ఎదుగుదల, బతుకుదల, రూపం.

దగ్గర రక్తం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. బ్రూడర్లను ఎక్కడి నుంచి తీస్తున్నారన్నది. చాలాచోట్ల పట్టుబడి అయ్యాక, లారీకి ఎక్కినవి ఎక్కగా మిగిలినవాటిని బ్రూడ్ చెరువులో వేస్తారు. లారీకి ఎక్కేవేమో బాగా ఎదిగినవి, రేటు పలికేవి. చేలో నిండు వెన్నులన్నీ మిల్లుకి పంపి తాలు కంకుల్ని విత్తనానికి ఆపుకున్నట్టు ఉంటుంది ఆ పని. సీజన్ మొదట్లో ఆర్డర్ల టెన్షన్‌లో ఇంకో తప్పు జరుగుతుంది. ముందుగా గుడ్డుకి వచ్చిన చేపలకే ఇంజెక్షన్ చేసి, ఆ పిల్లల్లోంచే రేపటి బ్రూడర్లను ఆపుతారు. ఏటా అలా చేస్తే మనం ఏరుకుంటున్నది తొందరగా ముదిరే గుణాన్ని. తొందరగా ముదిరే చేప కండ పెంచాల్సిన వయసులోనే తిన్నదాన్ని గుడ్డుకి మళ్లిస్తుంది. ఎవరూ కావాలని చేయకపోయినా ఏళ్ల తరబడి వెనక్కి ఎంపిక చేసుకుంటూ వస్తున్నట్టే.

మూడో సమస్య కల్తీ. బొచ్చె, శీలావతి, మోసు మూడిటికీ క్రోమోజోములు 50 చొప్పునే. ఒకే పూల్‌లో రెండు జాతుల్ని వదిలితే ఒకదాని గుడ్డు మీద ఇంకోదాని మిల్ట్ (మగచేప వీర్యం) పడుతుంది, పిల్ల పుడుతుంది, ఆ సంకరం ఎదిగి మళ్లీ పిల్లల్ని కంటుంది కూడా. బొచ్చె మగవి దొరకనప్పుడో, ఒకే రాత్రి అన్ని ఆర్డర్లూ తీర్చాల్సి వచ్చినప్పుడో ఇది జరుగుతుంది. మొదటి తరం సంకరాన్ని కంటితో పట్టుకోవచ్చు. తల బొచ్చె అంత పెద్దది కాదు, శీలావతి అంత చిన్నదీ కాదు. మూతి కూడా రెండిటికీ మధ్యస్తంగా ఉంటుంది. బొచ్చెకి మీసాలుండవు, పై పెదవి కనిపించదు. శీలావతి పెదవులు అంచులు చిరిగినట్టు మందంగా ఉంటాయి, సన్నటి మీసాలుంటాయి. ఈ రెంటికీ మధ్యలో కనిపిస్తే అనుమానించండి. ఆ సంకరాలు మళ్లీ శీలావతితో కలిసి పుట్టినవైతే చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు, డీఎన్‌ఏ పరీక్ష చేయించాల్సిందే. సంకరం మొదటి తరం బాగానే ఎదగొచ్చు, తినేవాళ్లకి అందులో తప్పేమీ లేదు. దాన్ని బ్రూడర్‌గా ఆపడమే నేరం, ఎందుకంటే అక్కడితో రెండు శుద్ధ జాతులూ పోతాయి.

ఇక మీ చెరువు సంగతి. మీవైపు అందరూ వేసేది జీరో సైజు. అంటే ఇరుకు చెరువులో తక్కువ మేతతో ఎదగనివ్వకుండా ఆపి, తర్వాత పెద్ద చెరువులోకి మార్చే పిల్ల. ఈ పద్ధతి మంచిదే. ఆకలితో ఆగిన చేప మేత దొరకగానే దూకుడుగా ఎదుగుతుంది, దాన్నే పూరక ఎదుగుదల అంటారు. కానీ ఆ పిల్ల వయసు ఎవరూ చెప్పరు. ఎనిమిది నెలలదో, ఏడాదిన్నరదో బరువు చూస్తే తెలియదు, రెండూ నూట యాభై గ్రాములే ఉండొచ్చు. ఏడాదిన్నరది మీ చెరువులోకి వచ్చిన కొద్ది నెలలకే గుడ్డు కట్టడం మొదలుపెడుతుంది. ఎనిమిది వందల గ్రాముల దగ్గర పట్టిన శీలావతి పొట్ట కోస్తే గుడ్డు కనిపిస్తుంటే వంశం మీద అనుమానపడే ముందు వయసు మీద అనుమానపడండి. పొలుసు చూసి వయసు అంచనా వేయించుకోవచ్చు కానీ మన చెరువుల్లో ఏడాదంతా వేడి కాబట్టి వలయాలు స్పష్టంగా పడవు. పిల్ల అమ్మినాయనతో స్పాన్ ఏ నెలలో వేశారో రాయించుకోవడమే సులువు. దీనికి తోడు ఆరేళ్లలో మీరు ఎకరాకి వేసే సంఖ్య ఎంత పెరిగింది, తవుడు సంచుల్లోకి వచ్చే డీఓబీ (నూనె తీసిన తవుడు) నాణ్యత ఏమైంది, తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంత ఉంటోంది, చేపపేను ఎన్నిసార్లు వచ్చింది అనేవి కూడా రాసి చూసుకోండి. చేపల్లో ఎదుగుదల తేడాల్లో వంశం నుంచి వచ్చేది సాధారణంగా 20 నుంచి 40 శాతమే. మిగతాది నీరు, మేత, జబ్బు, సాటి చేపలు.

ఇప్పుడు విడదీసే పద్ధతి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. మీ పాత హ్యాచరీ స్పాన్, ఇంకో నమ్మకమైన చోటి స్పాన్ ఒకే వారంలో పుట్టినవి తెప్పించండి. పక్కపక్కన ఒకే కొలత ఉన్న రెండు చిన్న నర్సరీల్లో ఒకే సంఖ్య, ఒకే మేతతో పెంచండి. వేలెడంత అయ్యాక రెండు వైపుల నుంచీ రెండేసి వందలు ఏరండి. పెద్దవి ఏరకూడదు, చిన్నవి ఏరకూడదు, వలలో వచ్చినవి వచ్చినట్టు తీయాలి. పొట్ట కింద ఉండే జత రెక్కల్లో ఒక వంశానికి ఎడమది, రెండో వంశానికి కుడిది చిన్న కత్తెరతో మొదలంటా కత్తిరించండి. రెక్క కొన్నాళ్లకి తిరిగి వచ్చినా వంకర టింకరగా వస్తుంది కాబట్టి గుర్తు నిలుస్తుంది. కత్తిరించాక ఉప్పునీళ్లలో ముంచి, రెండు జట్లనూ మీ మామూలు చెరువులో మిగతా చేపలతో కలిపి వదిలేయండి. మూడు నెలలకోసారి వల లాగి, గుర్తున్నవాటిని కాటా వేయండి.

ఒకే చెరువు అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఈ చెరువులో ఒక సీడ్, ఆ చెరువులో ఇంకో సీడ్ వేసి పోల్చడమే మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు. మీరు పోల్చింది రెండు చెరువుల్ని, సీడ్‌ని కాదు. గట్టు పక్క చెరువుకి కాలవ నీరు ముందు వస్తే చాలు, లెక్క తారుమారు. ఒకే చెరువులో వేసినా ఇంకో చిక్కు ఉంది. వదిలిననాడు ఒక జట్టు పది గ్రాములు, ఇంకోటి పదిహేను గ్రాములు ఉంటే ఆ చిన్న తేడా సాగు చివరికి బాగా పెరిగి పెద్దదవుతుంది, అది వంశం గొప్ప అనుకుంటాం. ఇజ్రాయెల్‌లో కార్ప్ మీద పనిచేసిన మోవ్, వోల్‌ఫార్త్ దీన్ని పట్టుకుని మొదటి బరువుకి సరిచేసే పద్ధతి కనిపెట్టారు. మీరు అంత లెక్క వేయక్కర్లేదు, వదిలేనాడు రెండు జట్ల సగటు బరువు దాదాపు సమానంగా ఉండేలా చూసుకుంటే చాలు. ఆరు నెలలకి రెండు జట్లూ దగ్గర దగ్గరగా తూగితే తప్పు మీ చెరువులోనో, మేతలోనో ఉంది, సీడ్ మార్చి లాభం లేదు. పాత హ్యాచరీ జట్టు స్పష్టంగా వెనకబడితే మారండి, మళ్లీ వెనక్కి చూడకండి.

జయంతి గురించి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని సీఫా (కేంద్ర మంచినీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ) నార్వేకి చెందిన అక్వాఫోర్స్క్ అనే పరిశోధన సంస్థతో కలిసి 1992లో ఈ పని మొదలుపెట్టింది. గంగ, యమున, బ్రహ్మపుత్ర, సట్లెజ్, గోమతి, ఈ ఐదు నదుల శీలావతిని తెచ్చి, తమ ఫారం చేపలతో కలిపి పునాది మంద కట్టారు. తర్వాత చేసింది వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒక్కో జంట పిల్లల్ని విడివిడి చిన్న చెరువుల్లో పెంచారు. గుర్తు పెట్టే సైజు రాగానే ప్రతి చేప పొట్టలోకి బియ్యపు గింజ కన్నా కొంచెం పెద్ద ఎలక్ట్రానిక్ ట్యాగ్ ఎక్కించారు. ఆపైన అన్ని కుటుంబాలనూ ఒకే చెరువులో కలిపి పెంచి, పట్టుబడి రోజున ఏ చేప ఏ ఇంటిదో చూసి తూచారు. బాగా ఎదిగిన చేపని మాత్రమే కాదు, తన అన్నదమ్ములంతా బాగా ఎదిగిన చేపని ఏరారు. తోబుట్టువుల్ని ఒకదానితో ఒకటి కలపకుండా తర్వాతి తరం తీశారు. తరానికి సగటున 17 శాతం ఎదుగుదల పెరిగింది. 1997లో, స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంలో విడుదల చేశారు కాబట్టి జయంతి అని పేరు. నార్వే సాల్మన్‌లో 1970ల్లో మొదలైందీ, ఫిలిప్పీన్స్‌లో 1988లో గిఫ్ట్ తిలాపియాతో (ఇలాగే ఏరి మెరుగుపరిచిన తిలాపియా చేప రకం) జరిగిందీ ఇదే దారి. గిఫ్ట్‌కి ఆఫ్రికాలోని ఈజిప్ట్, ఘనా, కెన్యా, సెనెగల్ నుంచి అడవి తిలాపియాను తెచ్చి, ఆసియా ఫారాల్లోని నాలుగు రకాలతో కలిపారు. ఆ గిఫ్ట్ పని మన కృష్ణా జిల్లా మానికొండలో ఆర్‌జీసీఏ (రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం) కూడా చేస్తోంది.

కాబట్టి జయంతికి మారడం మంచిదే, నేను గట్టిగా సమర్థిస్తాను. రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. బోర్డు మీద జయంతి అని రాసినంత మాత్రాన అది జయంతి కాదు. ఎప్పుడో ఒకసారి వంద చేపలు తెచ్చి, అప్పటి నుంచి వాటి పిల్లలతోనే, వాటి మనవలతోనే నడిపే హ్యాచరీలో పైన చెప్పిన దగ్గర రక్తం కథే మళ్లీ మొదలవుతుంది. సీఫా నుంచో, కౌసల్యాగంగలోనే ఎన్‌ఎఫ్‌డీబీ (జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు) నడిపే జాతీయ మంచినీటి చేపల బ్రూడ్ బ్యాంక్ నుంచో తెచ్చిన కాగితం చూపించమనండి. ఏ సంవత్సరంలో తెచ్చారో, ఎన్ని తెచ్చారో, మళ్లీ ఎప్పుడు కొత్తవి తెచ్చారో అడగండి. సక్రమంగా చేసేవాళ్లు ఈ ప్రశ్నకి సంతోషిస్తారు, కసురుకోరు. రెండో జాగ్రత్త మేత. ఎక్కువ ఎదిగే శక్తి ఉన్న చేపకి ఆ శక్తి చూపించేంత మేత, ఆక్సిజన్ కావాలి. ఏడాదిన్నర ఆకలితో ఆపి, ఆపైన నాసిరకం తవుడు మీద పెంచితే జయంతికీ మామూలు శీలావతికీ తేడా కనిపించదు, పేరు చెడేది జయంతికి.

మూడో ప్రశ్న, మీ నాలుగు కిలోల చేపల్ని ఆపుకోవడం. ఈ ఆలోచన రాని రైతు ఉండడు, పెద్దచేపకి పెద్దపిల్ల పుడుతుందనుకోవడంలో అర్థముంది కూడా. కానీ ఆ చేప ఎందుకు పెద్దదైందో మీకు తెలియదు. మొదట్లో రెండు రోజులు ముందు పుట్టి, నాలుగు గింజలు ఎక్కువ తిని, ఆ బలంతో మిగతావాటిని మేత సంచి దగ్గరికి రానీయకుండా పెద్దదై ఉండొచ్చు. జపాన్ కార్ప్ నర్సరీల్లో ఇలా ఎగిరి ఎదిగే చేపల మీద పరిశోధన చేశారు. ఆ పెద్దవాటిని ఏరి తీసేస్తే మిగిలినవాటిలోంచి మళ్లీ కొన్ని అలాగే ఎగబాకాయి. అంటే ఆ పెద్దతనంలో చాలాభాగం పోటీది, రక్తంది కాదు. ఇజ్రాయెల్‌లో మోవ్, వోల్‌ఫార్త్ ఐదు తరాలపాటు ప్రతిసారీ పెద్ద కార్ప్ చేపల్నే ఏరి పిల్ల తీశారు. ఎదుగుదల పెరగలేదు. పక్కనే చిన్నవాటిని ఏరిన వంశం మాత్రం తరానికి తరానికి తగ్గిపోయింది. 1976లో వచ్చిన ఆ ఫలితాన్ని చేపల పెంపకం నేర్చుకునే ప్రతి పిల్లవాడికీ చెప్పాలని నా కోరిక. ముందుకి నెట్టడం అంత కష్టం, వెనక్కి జారడం అంత తేలిక. కుటుంబాల లెక్క, విశాలమైన పునాది మంద తోడైనప్పుడే పెద్దచేపని ఏరడం ఫలిస్తుంది. మీ చెరువులో చేపలన్నీ ఒకే హ్యాచరీవి, బహుశా ఒకే రాత్రి తీసిన స్పాన్. మీరు ఏరే పది పెద్దచేపలూ తోబుట్టువులే కావొచ్చు. అమ్ముకోండి, మంచి రేటు వస్తుంది.

ఇదే ప్రశ్న కింద ఇంకొకాయన, జయంతి జన్యుమార్పిడి చేపా, కొనేవాళ్లకి చెప్పాలా అని అడిగారు. కాదు. జయంతిలో బయటి జన్యువు ఏదీ పెట్టలేదు. ఉన్న శీలావతుల్లోనే మంచివాటిని లెక్కగా ఏరి కలిపారంతే. జన్యుమార్పిడి అంటే అమెరికాలో 2015లో అనుమతి పొందిన సాల్మన్ లాంటిది. అందులో ఇంకో సాల్మన్ జాతి ఎదుగుదల హార్మోను జన్యువుని పెట్టి, అది ఏడాది పొడుగునా పనిచేసేలా వేరే సముద్ర చేప నుంచి తెచ్చిన స్విచ్చు లాంటి భాగాన్ని తగిలించారు. జపాన్‌లో 2021 నుంచి కండ పెరుగుదలని ఆపే జన్యువుని తీసేసిన ఒక సముద్ర చేపని అమ్ముతున్నారు. జయంతికీ వీటికీ పోలికే లేదు, నిశ్చింతగా అమ్మండి.

హ్యాచరీ నడిపే మిత్రులు కూడా ఇది చదువుతున్నారని తెలుసు, మీకో మాట. రొయ్యల రైతులు వనామీ బ్రూడర్లు అమెరికా నుంచి విమానంలో వచ్చి, చెన్నై నీలాంకరై క్వారంటైన్‌లో పరీక్షలన్నీ అయ్యాకే హ్యాచరీకి చేరాలని పట్టుబడతారు. ఆ బ్రూడర్ వంశం ఏ కంపెనీదో పిల్ల కొనే రైతు కూడా అడుగుతాడు. మన నదుల్లో పుట్టిన శీలావతికి ఆ మర్యాద దక్కలేదు. మీ చేతిలో ఉన్నంతలో చేయగలిగినవి ఉన్నాయి. సీజన్‌లో రేపటి బ్రూడర్ల కోసం విడిగా కనీసం యాభై జంటల్ని ఆడా మగా సమానంగా కలపండి. ఒక్కో జంట నుంచి సమానంగా పిల్ల తీసి ఆపండి, ఎక్కువ గుడ్లు పెట్టినదానికి ఎక్కువ వాటా ఇవ్వకండి. సీజన్ మొదట్లో, మధ్యలో, చివర్లో పుట్టినవి మూడూ ఉంచండి. బొచ్చెకీ శీలావతికీ ఒకే పూల్ వాడకండి, ఒకే రాత్రి తప్పకపోతే రెండు పూల్స్ కట్టుకోండి. దూరపు హ్యాచరీతో మగచేపల్ని మార్చుకోండి. లక్నోలోని ఎన్‌బీఎఫ్‌జీఆర్ (జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ) అభివృద్ధి చేసిన పద్ధతిలో ద్రవ నత్రజనిలో నిల్వచేసిన మిల్ట్ దొరికితే చేపల్ని లారీలో తిప్పకుండానే కొత్త రక్తం కలపొచ్చు. బ్రూడర్లకి ఫిబ్రవరి నుంచే మంచి మాంసకృత్తులున్న మేత వేయండి, జూన్‌లో గుర్తొచ్చి వేస్తే గుడ్డు నాణ్యత రాదు.

మీ విషయానికి వస్తే, ఈ జులైలో తోక గుర్తులు కాకుండా పొట్టకింది రెక్క గుర్తులతోనే పరీక్ష మొదలుపెట్టండి. తోక రెక్క కత్తిరిస్తే ఈత దెబ్బతిని ఆ జట్టే వెనకబడుతుంది, మళ్లీ సీడ్ మీద అన్యాయంగా నింద పడుతుంది. ఈలోపు ఇరవై ఎకరాలకీ సీడ్ మార్చకుండా ఒక నాలుగెకరాలకే కొత్త చోటి పిల్ల వేయండి. జనవరిలో వల లాగినప్పుడు ఎడమ జట్టు సగటు, కుడి జట్టు సగటు, ఎన్ని చేపల్ని తూచారు, పొట్ట కోసి చూసినవాటిలో గుడ్డు ఎన్నిటికి ఉంది, ఈ నాలుగు అంకెలూ ఇక్కడ రాయండి. అవి చూసి ఎకరాకి ఎన్ని వేయాలో, ఏ బరువు దగ్గర పట్టాలో మాట్లాడుకుందాం.